పక్కటెముక అందని గుర్రం

తమాలపురం కోటకి ఏడు ప్రాకారాలు. మొదటిది నల్లరాయి, ఏడోది చలువరాయి. బురుజు బురుజుకీ వెండి గంటలు వేలాడేవి. సముద్రపు గాలి తగిలినప్పుడల్లా ఊరంతా గజ్జె కట్టినట్టు ఘల్లుమనేది. వీధుల్లో పన్నీటి కళ్ళాపి, అంగళ్ళ మీద నెమలిపింఛాల పందిళ్ళు, మేడల మీద పావురాలకి పగడాల గూళ్ళు. ఏడో ప్రాకారం లోపల, మహారాజు కొలువుకూటం కంటే రెండు మెట్లు ఎత్తున, చందనపు స్తంభాల మంటపం ఒకటి ఉంది. కప్పుకి ముత్యాల కుచ్చులు, నేల మీద పట్టు తివాసీ. అందులో కాపురం ఉండేది రాజూ కాదు, రాణీ కాదు. ఒక గుర్రం.

ఆ గుర్రం కోసమే కుముదగిరి యువరాజు సునాదుడు మూడు అడవులూ రెండు నదులూ దాటాడు. దారిలో ఒక కొండచిలువ నోట్లోంచి బయటపడ్డాడు. చివరికి తలకి గుడ్డచుట్ట, చేతిలో కొడవలి, ఎల్లడు అనే గడ్డికోతవాడి వేషంలో కోటలో అడుగుపెట్టాడు. అసలు పేరు చెబితే మెడ మీద తల ఉండదు. తమాలపురానికీ కుముదగిరికీ తాతల నాటి పగ.

అంత తెగింపు ఎందుకంటే, కిందటేడు కరాళుడనే మాంత్రికుడు సునాదుడి చెల్లెలు ఇందులేఖని ఎత్తుకుపోయి, గరుడకొండ గుహలో రాతిబొమ్మని చేసి నిలబెట్టాడు. ఆ కొండ చుట్టూ నాగగొంది అనే లోయ, అడుగు కనపడనంత లోతు. గుహకి రాతి తలుపు. ఏడాదికి ఒక్క మధ్యాహ్నం, మనిషి నీడ మనిషి పాదాల కిందే ఒదిగిపోయే వేళ, ఆ తలుపు కాసేపు తెరుచుకుంటుంది. ఆ కాసేపట్లో తోడబుట్టినవాడు వెళ్ళి చెయ్యి పట్టుకుంటే రాయి మళ్ళీ మనిషవుతుంది. ఈ ఏడు తప్పిపోతే ఇందులేఖ ఇక రాయే. నాగగొందిని దూకగల గుర్రం భూమ్మీద ఒక్కటే ఉందనీ, అది తమాలపురం వారి వాయుజవమనీ ఒక ముని చెప్పాడు. ముని చెప్పింది నిజమే. కాకపోతే ఆయన ఆ గుర్రాన్ని చూసి ఆరేళ్ళయింది.

సునాదుడు మంటపం మెట్ల దగ్గర గడ్డిమోపు దించి తలెత్తి చూశాడు. చూసి, ఇది వాయుజవం పెదతల్లో పినతల్లో అయి ఉంటుందనుకుని అటూ ఇటూ వెతికాడు. మంటపంలో ఇంకో గుర్రం లేదు.

ఒంటి రంగు మాత్రం ముని చెప్పినట్టు పాలనురగే. కానీ జూలు కింద మెడ గట్టులా లేచి, బరువుకి ఒక పక్కకి ఒరిగింది. భుజాల వెనక తలగడలు కుట్టినట్టు కొవ్వు మెత్తలు. తోక మొదట్లో ఇంకో రెండు. నడుం పొడుగునా కొవ్వు రెండు పక్కలా పొంగి, మధ్యలో గాడి పడింది. అది ముందుకాళ్ళు చాపి, బరువంతా వెనక కాళ్ళ మీద వేసి, ఎవరో వెనక్కి లాగుతున్నట్టు నిలబడి ఉంది. సునాదుడు వంగి ముందు గిట్ట మీద చెయ్యి వేశాడు. పొయ్యి దగ్గరి రాయిలా వెచ్చగా తగిలింది.

"దిష్టి పెట్టకు అబ్బీ," అంది వెనక నించి ఒక ముసలిగొంతు. "మా తండ్రి ఎంత నిండుగా ఉన్నాడో చూశావా?"

ఆమె కొండమ్మ. వాయుజవం పుట్టిన రోజు నించీ దానికి ఉలవలు ఉడకబెట్టేది ఆమే. పిల్లలు లేరు. చంకలో బుట్ట, బుట్ట నిండా ఆవిర్లు కక్కుతున్న గుగ్గిళ్ళు, వాటి మీద పిడికెడు బెల్లం. ఎముకలు తేలిన ఆ చేతుల్ని చూస్తే, వండినదంతా గుర్రానికే పెట్టి తను గంజితో సరిపెట్టుకుంటుందని ఎవరికైనా తెలిసిపోతుంది.

"అవ్వా, ఇది పరుగెత్తి ఎన్నాళ్ళయింది?"

"పరుగెత్తడానికి వాడికేం ఖర్మ నాయనా? కావలసినవన్నీ వాడి దగ్గరికే నడిచొస్తాయి."

నిజంగానే నడిచివస్తున్నాయి. తమాలపురంలో పిడికెడు మొక్కు అని ఒక ఆచారం ఉంది. మహారాజు దర్శనానికి వచ్చిన ప్రతివాడూ ముందు వాయుజవానికి పిడికెడు ఏదైనా తినిపించాలి. గట్టు తగాదా వాడు పిడికెడు శనగలు, పెళ్ళిపిలుపు వాడు పిడికెడు చలిమిడి, రాయబారి పిడికెడు ఖర్జూరాలు. ఎవరికి వాళ్ళు, నా పిడికెడు ఎంతలే అనుకునేవారు. రోజుకి రెండు వందల మంది అలా అనుకుంటే ఏమవుతుందో ఒక్కడికీ తట్టలేదు. ఈ ఆచారం ఆరేళ్ళ కిందట ఎక్కడినించో వచ్చిన త్రికాలభట్టు అనే ఆస్థాన జ్యోతిష్కుడు పెట్టింది. గుర్రం చుట్టుకొలత పెరిగితే రాజ్యం పెరుగుతుందని ఆయన శాస్త్రం. ఒకటి మాత్రం విడ్డూరం: ఊరందరి చేతా మెడ రుద్దించుకునే వాయుజవం, భట్టుగారు దగ్గరికొస్తే చెవులు వెనక్కి వాల్చేసేది.

మూడో రోజు ఉదయం చుట్టుకొలత పండుగ. శంఖాలు ఊదారు, దుందుభులు మోగించారు. త్రికాలభట్టు బంగారు గొలుసు తెచ్చి వాయుజవం ముందుకాళ్ళ వెనక నించి ఛాతీ చుట్టూ తిప్పాడు. కొసలు కలవలేదు. జనం హర్షధ్వానాలు చేశారు. కంసాలి కొత్త లంకె పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఆ లంకె వెయ్యకండి," అన్నాడు సునాదుడు.

దుందుభులు ఆగిపోయాయి. గడ్డికోతవాడు నోరు విప్పడం ఆ మంటపంలో అదే మొదలు.

"ప్రభూ, ఇది భాగ్యం కాదు, రోగం. ఈ గుర్రం పట్టలేనంత కొవ్వెక్కింది. ఇలాగే మేపితే రెండు నెలల్లో కాళ్ళు పోతాయి."

భట్టు పళ్ళు కొరికాడు. "గుర్రం తగ్గితే రాజ్యం తగ్గుతుంది. అపశకునం పలికిన ఈ నాలుకని, దాంతోపాటు మనిషినీ, ఏనుగు కాళ్ళ కింద వేయించండి మహారాజా."

మధురసేన మహారాజు మంచివాడు. అరిసెలంటే ప్రాణం, ఆయన సింహాసనాన్ని కూడా రెండుసార్లు వెడల్పు చేయించారు. ఆయన చేతిలోని అరిసె పక్కన పెట్టి, అగరువత్తి ఒకటి వెలిగించమన్నాడు.

"ఇది కాలిపోయేలోగా నీ మాట రుజువు చెయ్యి. లేకపోతే భట్టుగారు చెప్పినట్టే."

సునాదుడు గుర్రం దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా రాజు ముందుకెళ్ళి మోకరిల్లాడు. "ప్రభూ, తమరు పిడికిలి బిగించి, మెటికల మీద రెండో చేత్తో తడమాలి."

మహారాజు పిడికిలి బిగించాడు. అందులో మెటికలు కనిపించలేదు. ఆయనే సిగ్గుపడి నవ్వేశాడు. అప్పుడు సునాదుడు కొండమ్మని పిలిచాడు. తమాలపురం చరిత్రలో మొదటిసారి మహారాజు ఒక ఉలవల ముసలిదాని చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

"అవ్వా, పిడికిలి బిగించు. ప్రభూ, ఆ మెటికల మీద వేళ్ళతో రుద్దండి. ఎముకలు ఎత్తుపల్లాలుగా తగులుతున్నాయా? గుర్రం పక్కటెముకలు అలా తగిలితే దానికి తిండి చాలడం లేదని. అవ్వా, ఇప్పుడు వేళ్ళు చాపు. ప్రభూ, చేతి వెనకవైపు తడమండి. పైన పల్చగా చర్మం, కింద ఎముక. ఆరోగ్యంగా ఉన్న గుర్రం పక్కటెముక ఇలా తగలాలి. కంటికి కనిపించకూడదు, చేతికి అందాలి. ఇక అరచెయ్యి తిప్పి, వేళ్ళ మొదట్లో మెత్తగా ఉన్న చోట తడమండి. ఎముక ఎక్కడో లోపల ఉంది, తేలిగ్గా అందదు. అది కొవ్వెక్కిన గుర్రం. ఇప్పుడు దయచేసి వాయుజవం పక్కటెముకలు వెతకండి."

అగరువత్తి సగం కాలింది. మహారాజు లేచి, మెట్లెక్కి, గుర్రం డొక్క మీద చెయ్యి వేశాడు. తడిమాడు. నొక్కాడు. వేళ్ళు పిండిలో దిగినట్టు దిగాయి. ఒక్క ఎముకా అందలేదు. సునాదుడు చెంబుడు నీళ్ళు వీపు మీద పోశాడు. అవి పక్కలకి జారకుండా నడుం గాడిలో కాలవకట్టి తోక దాకా పోయాయి. తరవాత మహారాజు చేతిని ముందు గిట్ట మీద ఆనించాడు.

"ఇదేమిటిరా, ఇంత వేడి?"

"తీపీ గింజలూ మితిమీరితే గిట్ట లోపల వాస్తుంది ప్రభూ. ఆ నొప్పికే అలా వెనక్కి వాలి నిలబడుతోంది. ముదిరితే లోపలి ఎముక కుంగిపోతుంది. అప్పుడు నడవడం మాట అటుంచి, నిలబడనూ లేదు."

కొండమ్మ చంకలోంచి బుట్ట జారి కింద పడింది. గుగ్గిళ్ళు తివాసీ అంతా దొర్లాయి. "నేనే చేశానా?" అంది. "ఈ చేతులతో నేనే చేశానా?" ఆమె కళ్ళనీళ్ళు చూసి సునాదుడికి, ఎందుకు మాట్లాడానా అనిపించినంత బాధ కలిగింది.

మహారాజు గంభీరంగా తిరిగాడు. "ఇవాళ్టి నించి వాయుజవానికి గడ్డిపరక పెట్టినవాడి చెయ్యి నరికించండి."

"అది ఇంకా ప్రమాదం ప్రభూ," అన్నాడు సునాదుడు. "ఒక్కసారిగా మాడిస్తే ఒంట్లో కొవ్వంతా రక్తంలోకి కరిగి, కాలేయం చెడి చస్తుంది. ఎంత మేపి చెడగొట్టామో అంత మెల్లగా బాగుచెయ్యాలి. నాలుగు నెలలు నాకు ఇప్పించండి. గుర్రం బాగుపడితే నాకొక కోరిక తీర్చండి. చెడితే ఏనుగు ఎలాగూ ఉంది."

"నా చేతికే తెలిసింది భట్టుగారూ, ఇక శాస్త్రం వద్దు," అన్నాడు మహారాజు. భట్టు బంగారు గొలుసు చుట్టుకుని వెళ్ళిపోతూ సునాదుడి వైపు ఒక చూపు చూశాడు. భట్టు నడిచిన దారిలో గంధకం వాసన కాసేపు ఉండిపోయింది.

పట్టు తివాసీ తీసేసి మంటపం నిండా మెత్తటి ఏటి ఇసుక పోయించారు. మొదటి రోజుల్లో నడక లేదు. రోజూ చల్లటి నీళ్ళలో కాళ్ళు ముంచి నిలబెట్టడమే. బెల్లం, ఉలవలు, చలిమిడి అన్నీ బంద్. సునాదుడు ఎండుగడ్డిని గంటసేపు నీళ్ళలో నానబెట్టి, తీపంతా దిగిన ఆ నీళ్ళు పారబోసి, తూచి పెట్టేవాడు. అయినా వాయుజవం ఆ మోపుని నాలుగు నిమిషాల్లో ఊదేసి, మిగతా పూటంతా ఆకలికి స్తంభం కొరుకుతూ నిలబడేది. సునాదుడికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

దారి కొండమ్మే చూపించింది. మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడని మనిషి, నాలుగో రోజు తాటినార ముందేసుకుని కూర్చుంది. వేలు మాత్రమే పట్టే కన్నాలతో పెద్ద వల అల్లింది. ఒక వలలో ఇంకో వల పెట్టి అందులో గడ్డి కూరి కప్పుకి వేలాడదీసింది. వాయుజవం ఒక్కొక్క పరకే లాక్కుని తినాలి. పొద్దున కట్టిన వల మధ్యాహ్నం దాకా వచ్చింది. గుర్రం స్తంభం కొరకడం మానేసింది. తరవాత ఆమె ఒక చిక్కం అల్లింది. కళ్ళంలో ఎద్దులకి కట్టే మూతిబుట్ట లాంటిదే, నీళ్ళు తాగడానికి వీలుగా అడుగున కన్నాలు పెట్టి. బయట పచ్చిక మీదికి తీసుకెళ్ళినప్పుడు అది మూతికి కడితే, నాలుగు పరకలు అందుతాయి తప్ప నాలుగు మోపులు అందవు.

"ఒక్కటడుగుతాను ఎల్లయ్యా," అంది ఒకనాడు. "జనం పిడికెడు మొక్కు మానరు. మొక్కు మానితే పాపమని భయం. ఆ మొక్కుని మార్చేస్తే? పిడికెడు పెట్టేబదులు పది అడుగులు పెట్టమందాం. వచ్చిన ప్రతివాడూ వాణ్ణి పదడుగులు నడిపించి రాజుగారి దగ్గరికి పోతాడు."

సునాదుడు ఆ ముసలిదాని కాళ్ళకి దండం పెట్టాడు. యువరాజునన్న సంగతి ఆ క్షణంలో గుర్తు లేదు.

గిట్టల వేడి చల్లారిన ఇరవై రోజుల తరవాత కొత్త మొక్కు చాటించారు. గట్టు తగాదా వాడు పది అడుగులు, పెళ్ళిపిలుపు వాడు పది అడుగులు, రాయబారి పట్టు అంగీ మడిచి పట్టుకుని పది అడుగులు. సాయంత్రానికి రెండు వేల అడుగులయ్యేవి. కొండమ్మ తన వంతు తానూ చేసేది. పిడికెడు నానిన గడ్డి బుట్టలో వేసి, దూరంగా నేల మీద పెట్టి, తను పది అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడేది. వాయుజవం నడిచివచ్చి తిని, అక్కడినించి ఇంకో పది అడుగులు నడిచి ఆమె దగ్గరికి వచ్చి మెడ వంచేది. జూలు కింద గోళ్ళతో గీకించుకోవడానికి. నెల తిరిగేసరికి, బుట్టలో ఏమీ లేకపోయినా ఆ గీకుడు కోసం వచ్చేది. తిండి పెట్టకుండా కూడా దగ్గరికి రప్పించుకోవచ్చని ఆమెకి అప్పుడే తెలిసింది, చాలా సంతోషించింది.

మహారాజు కూడా ఒకరోజు మొక్కు తీర్చుకుందామని వచ్చాడు. పది అడుగులకే ఆయాసపడ్డాడు. రెండో రోజు మళ్ళీ వచ్చాడు. మూడో నెలలో గుర్రమూ రాజూ జంటగా ఏటి ఒడ్డు దాకా నడిచిపోతుంటే ఊరు ఊరంతా వీధిలో నిలబడి చూసేది. ఒక ఉదయం ఆయన పిడికిలి బిగించి, సునాదుడి ముక్కు ముందు పెట్టి, "ఇదిగో మెటిక, ఒకటి వచ్చింది," అన్నాడు. ఆ సంబరంలో ఉండగానే సునాదుడు తనెవరో చెప్పేశాడు. చెల్లెలి సంగతీ చెప్పాడు.

"మీ తాత మా తాత కిరీటం ఎత్తుకుపోయాడు," అన్నాడు మహారాజు. "అది నా తలకి ఎలాగూ పట్టేది కాదులే. వెళ్ళి మీ చెల్లెల్ని తెచ్చుకో నాయనా. నా గుర్రాన్నీ తీసుకురా."

ఆ మాట అన్న మర్నాడే, ఏటి ఇసుకలో దౌడు తీయిస్తుండగా, మబ్బు లేకుండా ఎండ మాయమైంది. సునాదుడు పైకి చూశాడు. రెండు తలల గండభేరుండం, రెక్క ఒక్కొక్కటి ఓడ తెరచాపంత, గోళ్ళు చాచి మీదికి దిగుతోంది. వాయుజవానికి మడమ తగిలించనక్కరలేకపోయింది. ఆరేళ్ళుగా మరిచిపోయిన పని కాళ్ళకి ఒక్కసారిగా జ్ఞాపకం వచ్చింది. ఇసుక ఎగిరింది, గోరు తగిలి జీను పట్టా తెగింది, సునాదుడు జూలు పట్టుకుని వేలాడాడు. ఎదురుగా ఏరు. గుర్రం ఆగలేదు. ఒక్క గెంతులో పాయ దాటి, ఆవలి గట్టున రెండు బండల సందులోకి బాణంలా దూరింది. గండభేరుండం బండని గుద్దుకుని, గంధకం పొగై చెదిరిపోయింది. లోపల వాయుజవం ఎగరొప్పుతూ, చెమటలు కక్కుతూ, ఇంకోసారి పరుగెడదామన్నట్టు నేల గీరింది. సునాదుడు దాని డొక్క మీద చెయ్యి వేసి నవ్వుకున్నాడు. పైన పల్చగా చర్మం, కింద వరసగా ఎముకలు.

తలుపు తెరుచుకునే రోజు రానే వచ్చింది. సునాదుడు తెల్లవారగానే గుర్రానికి చిక్కం కట్టి బయల్దేరాడు. నాగగొంది దారంతా మోకాలెత్తు లేతపచ్చిక మరి. మహారాజూ కొండమ్మా బండిలో వెనక వస్తామన్నారు. "దూకేముందు కడుపులో బరువుండకూడదు అవ్వా, ఇవాళ ఏమీ పెట్టకు," అని ఆమెకి మరీ మరీ చెప్పాడు.

నాగగొంది అంచుకి చేరేసరికి ఎండ నడినెత్తికి పాకుతోంది. కింద పాతాళం దాకా నీలిపొగ. ఎదురుగా గరుడకొండ, ఎర్రరాతి రెక్కలు ముడుచుకుని కూర్చున్న పక్షిలా ఉంది. దాని గుండెల దగ్గర మూసి ఉన్న తలుపు. సునాదుడి నీడ పాదాల ముందు జానెడు మిగిలి ఉంది.

"వచ్చావా నాయనా," అంటూ బండరాయి చాటునించి కొండమ్మ వచ్చింది. చేతిలో గిన్నె, గిన్నెలో పొగలు కక్కే గుగ్గిళ్ళు, పైన బెల్లం. "అడ్డదారిన ముందే వచ్చేశాను. చావుబతుకుల మీద దూకబోతున్నాడు నా తండ్రి. ఒక్క పిడికెడు నా చేత్తో తిననీ."

సునాదుడి మనసు కరిగిపోయింది. నాలుగు నెలలు నోరు కట్టుకున్న గుర్రం, మనసు కట్టుకున్న ముసలిది. పిడికెడు ఎంతలే అనుకున్నాడు. దిగి చిక్కం విప్పాడు. ఆమె గబగబా వచ్చి గిన్నె మూతి దగ్గర పెట్టింది. వాయుజవం చెవులు వెనక్కి వాల్చింది.

"ఎల్లయ్యా, ఆగు."

దారి మలుపులో ఇంకో కొండమ్మ. అదే చీర, మెడలో అదే నల్లపూస, చంకలో బుట్ట. బండి ఎక్కలేని చోట దిగి, మహారాజు కంటే ముందు నడిచివచ్చిందేమో, రొప్పుతోంది.

"మాంత్రికుడు పంపిన మాయ అది, నమ్మకు," అంది గిన్నె కొండమ్మ. గొంతు తేడా లేదు. ముడత తేడా లేదు. నీడ నాలుగు వేళ్ళకి తగ్గింది. సునాదుడు కత్తి దూశాడు కానీ ఎవరి మీదికి ఎత్తాలో తెలియలేదు.

రెండో కొండమ్మ వాదించలేదు. బుట్ట నేల మీద పెట్టింది. దానివైపు చూస్తూ పది అడుగులు వెనక్కి నడిచి నిలబడింది.

వాయుజవం మూతి ముందున్న గిన్నెని ముట్టెతో పక్కకి తోసింది. నడిచి బుట్ట దగ్గరికి వెళ్ళి లోపలికి చూసింది. బుట్ట ఖాళీ. ఏమీ పెట్టవద్దని సునాదుడు చెప్పాడు, ఆమె పెట్టలేదు. గుర్రం ఇంకో పది అడుగులు నడిచి, ఖాళీ చేతుల ముసలిదాని ముందు మెడ వంచింది. ఆమె జూలు కింద గోళ్ళతో గీకింది.

గిన్నె జారింది. గుగ్గిళ్ళు పడ్డ చోటల్లా పచ్చిక పరకలు పరకలుగా రాయైపోయింది. ముసలి ముడతలు విడిపోయి, మొదట త్రికాలభట్టు మొహం, దాని కింద కోరలతో కరాళుడి మొహం బయటపడ్డాయి. "నాగగొందిని దూకగలది ఇదొక్కటేనని ఆరేళ్ళ ముందు నించే నా చేత్తో బలిపించాను దాన్ని," అని అరిచాడు. "నాలుగు నెలల్లో కరిగిస్తారా?"

"ఎక్కు నాయనా," అంది కొండమ్మ. "వాణ్ణి మళ్ళీ నా దగ్గరికి నడిపించుకురా."

సునాదుడు ఎగిరి కూర్చున్నాడు. వెనక రెక్కల చప్పుడు. కరాళుడు రాబందై లేచాడు. పచ్చిక, బండలు, అంచు. మొదటిసారి ఈ వీపెక్కినప్పుడు పరుపు మీద కూర్చున్నట్టు కాళ్ళకి ఏ ఆధారమూ దొరకలేదు. ఇప్పుడు, కింద నేల లేని ఆ క్షణంలో, అతని మోకాళ్ళ కింద వాయుజవం పక్కటెముకలు ఒక్కొక్కటే తెలిశాయి. ఊపిరి నిండినప్పుడు తెరుచుకుని, ఊపిరి వదిలినప్పుడు దగ్గరయ్యాయి. నీలిపొగ వెనక్కి పోయింది. ముందు గిట్టలు ఎర్రరాతి మీద నిప్పులు రాల్చాయి. వెనక గిట్టల కింద అంచు విరిగి లోయలోకి దొర్లింది. గుర్రం నడుం వంచి ఒక్క ఊపులో ఒళ్ళు పైకి లాక్కుంది.

నీడ పాదాల కింద ఒదిగిపోయింది. రాతి తలుపు గర్జించి తెరుచుకుంది. లోపలి చీకట్లో తెల్లగా ఒక రాతి చెయ్యి, ఎవరికోసమో చాచి ఉంది. పైన రాబందు నీడ సుడి తిరుగుతూ దిగుతోంది. తలుపు అప్పుడే మళ్ళీ మూసుకోవడం మొదలుపెట్టింది.

సునాదుడు ఒక్కసారి వెనక్కి చూశాడు. ఆవలి గట్టు మీద కొండమ్మ ఖాళీ బుట్టని లోయ అంచున పెట్టి, పది అడుగులు వెనక్కి నడిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

వాయుజవం చెవులు అటు తిప్పింది. అడుగు మాత్రం తలుపులోకే వేసింది.